రిమ్ముకు పూసిన ఆముదం

ఈ రోజు మొదటిసారి చెల్లెలిని సైకిలు వెనక ఎక్కించుకుని గురజాల హైస్కూలుకు బయలుదేరాను. ఎద్దులబండి ఇరుసుకు పూసినట్టే పొద్దున్నే సైకిలుకంతా ఆముదం పూసి మురిసిపోయాను.

ఊరి చివర సైకిళ్లు బాగుచేసే మస్తాను మామ మమ్మల్ని ఆపి, వెనక చక్రం ఎత్తి తిప్పి బ్రేకు నొక్కాడు. చక్రం ఆగలేదు.

"ఏందిరా, బ్రేకు పట్టే రిమ్ముకు గూడా పూశావా? ముందు వాగు దిగుడుంది. పిల్లనెక్కించుకుని ఎట్టా ఆపుతావు?"

చెల్లెలు సంచి భుజానికేసుకుని, "నే నడిచొస్తాలే అన్నా," అంది.

మామ రిమ్ములు బూడిదతో రుద్ది తుడిచాడు. మూడుసార్లు చక్రం ఆగడం చూశాకే చెల్లెలు మళ్లీ ఎక్కింది. దిగుడులో చెవుల్లో గాలి ఈల వేస్తుండగా బ్రేకు పట్టాను. సైకిలు బుద్ధిగా నిలిచింది.

"పైకెళ్లి ఇంకోసారి దిగుదామన్నా," అంది చెల్లెలు.

మీ సైకిలు బ్రేకు నొక్కి చూసి ఎన్నాళ్లయింది?