అమ్మ ఇచ్చే రింగు

మా అమ్మ తనంతట తాను ఎవరికైనా ఫోన్ చేసి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. రింగిచ్చేది. అవతల మోగిందని తెలియగానే పెట్టేసి, మనం తిరిగి చేసేదాకా ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. మాట్లాడినంతసేపూ డబ్బులు తెగే రోజుల్లో పడిన అలవాటు. ఇప్పుడు ఒకసారి రీచార్జి చేయిస్తే ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చమ్మా అని మొత్తుకున్నా ఆమె చెవికెక్కలేదు. అడవులదీవిలో అమ్మతోపాటు చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళందరిదీ ఇదే పద్ధతి. ఒక రింగు వస్తే ఊరికే గుర్తొచ్చావని అర్థం. వెంటవెంటనే రెండు వస్తే పని ఉందని.

బాపట్లలో కాపురం వదిలేసి తెనాలిలో గది తీసుకున్నప్పుడు నా కొత్త నంబరు మా వాళ్ళలో అమ్మ ఒక్కదానికే ఇచ్చాను. నాన్న పోయాక నాకున్నది ఆమె, ఆమెకున్నది నేను. అక్కడ నేను పనిచేసే ఆసుపత్రిలో భోజనానికి లేచే వేళకు రింగు వచ్చేది. డబ్బా మూత తీస్తూ నేను తిరిగి చేసేదాన్ని. వాన పడేలా ఉంది, చేపలు ఎత్తాలి అనేది. ఏం కూర అని అడిగేది. అంతే మాటలు. ఆ మాటల కోసం నేను పొద్దుటి నుంచీ ఎదురుచూసేదాన్ని.

ఆయన గురించి కూడా చెప్పాలి. ఆయన అనే అంటాను, ఇన్నేళ్ళ అలవాటు నోటికి పోదు. బాపట్లలో రొయ్యల మేత డీలరు. మంచి పేరు. చెయ్యి చేసుకునే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. ఒంటి మీద దెబ్బ ఉంటే చూపించుకోవచ్చు. ఆయన చేసిందల్లా అడగడం. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా ఫోన్ చేతిలోకి తీసుకుని ఒక్కో నంబరూ చూపిస్తూ ఎవరిది, ఎందుకు చేశారు, ఇంతసేపు ఏం మాట్లాడావు అని అడిగేవారు. గ్యాస్ బండ తెచ్చే మనిషి గురించి కూడా సంజాయిషీ ఇచ్చుకున్నాను. చెప్పి చెప్పి విసిగిపోయి, అసలు ఎవరితోనూ మాట్లాడకపోతే సరిపోతుందని మాట్లాడటమే మానేశాను. అప్పుడు, "నీ ఫోన్లో ఏమీ ఉండటం లేదేంటి? ఏం దాస్తున్నావు?" అన్నారు. ఇక ఈ మనిషితో నా వల్ల కాదని ఆ మాటతో తేలిపోయింది.

తెనాలిలో ఒక కళ్ళాసుపత్రిలో రిసెప్షన్ పని దొరికింది. గది చిన్నది, మేడ మీద, ఎండకు మాడిపోయేది. అయినా హాయిగా ఉండేది. ఒకరోజు టైలరుతో ఫోన్‌లో జాకెట్టు చేతుల గురించి పావుగంట పోట్లాడాను. ఫోన్ పెట్టేశాక, ఈ పావుగంటకు ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు కదా అని గుర్తొచ్చి ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

కొన్ని నెలలు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం అమ్మ నుంచి వెంటవెంటనే రెండు రింగులు వచ్చాయి. తిరిగి చేస్తే హలో అనకుండానే మొదలుపెట్టింది.

"అల్లుడు ఫోన్ చేశాడే. 'అత్తయ్యా, అమ్మాయి తెనాలిలో కులాసాగా ఉందా' అన్నాడు."

"నువ్వు చెప్పావా?"

"నా మీద ఒట్టు, చెప్పలేదే. అసలు నేను నీకు ఒక్కసారన్నా ఫోన్ చేశానా? రింగిచ్చి పెట్టేశాను గదా. పైసా తెగలేదు. ఇంక ఎవరికన్నా ఎట్టా తెలిసిద్ది?"

డబ్బులు తెగకపోతే ఆ ఫోన్ జరగనట్టే, అమ్మ లెక్కలో. అంత జాగ్రత్తపడ్డానని గర్వంగా కూడా ఉంది ఆమెకు. నాకేమీ పాలుపోలేదు. సిమ్ కొన్న షాపును అనుమానించాను. బస్సులో ఎవరైనా చూసి ఉంటారనుకున్నాను. ఎవరు ఎవరికి ఫోన్ చేశారో కాగితం మీద దొరుకుతుందన్న సంగతి మాత్రం ఊహకు కూడా రాలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయన ఆసుపత్రికి వచ్చారు. అరవలేదు, గొడవ చేయలేదు. ఓపీ చీటీ రాయించుకుని పేషెంట్ల మధ్య బుద్ధిగా కూర్చున్నారు. నా కౌంటరు దగ్గరికి వచ్చినప్పుడు, "దూరం ఆనటం లేదండి" అన్నారు నవ్వుతూ. పక్కనున్న అమ్మాయి నిజమనుకుని చుక్కల మందు వేయించుకోమని పంపింది.

భోజనాల వేళ బయట మెట్ల మీద జేబులోంచి మడత కాగితాలు తీశారు. "ఇది అత్తయ్య ఫోన్ల లెక్క" అన్నారు, కరెంటు బిల్లు చూపించినంత మామూలుగా.

అమ్మ ఇచ్చిన రింగులు అందులో పడ్డాయో లేదో నేను చూడలేదు. నేను తిరిగి చేసిన ఫోన్లు మాత్రం వరసగా ఉన్నాయి. రోజూ అదే కొత్త నంబరు, అదే వేళ. అమ్మకు నాలా ఫోన్ చేసేవాళ్ళు ఇంకెవరున్నారు? ఎవరైనా పట్టేస్తారు. నంబరు పట్టుకున్నాక నా కాగితాలూ తెప్పించుకున్నారు. ఏ ఊళ్ళో, ఏ టవరు దగ్గర్లో ఉండి మాట్లాడానో కూడా అందులో వస్తుందట. అందులో ఉన్న ప్రతి నంబరుకూ ఆయన ఫోన్ చేశారు. టైలరుకు, పాలాయనకు, నా గది ఓనరు ఆంటీకి. "మా ఆవిడ మీతో మాట్లాడుతూ ఉంటుంది, మీరెవరండి?" అని మర్యాదగా అడిగారట. ఆంటీ కొన్నాళ్ళుగా నాతో ముభావంగా ఎందుకుంటోందో అప్పుడు అర్థమైంది. మొగుడి దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన మనిషినని ఆమెకు ఆయన నోటి మీదుగా తెలిసింది.

"ఇవి మీకెవరిచ్చారు?" అన్నాను.

"బాబాయి."

"ఏ బాబాయి?"

"మన బాబాయి కాదులే. ఇట్టాంటి పనులు చేసిపెట్టే ఆయనొకడు ఉన్నాడు. అందరూ బాబాయనే అంటారు. నంబరిస్తే చాలు, ఎవరివైనా తెప్పిస్తాడు."

ఒళ్ళు మండిపోయింది. మా వైపు బస్సులో కాస్త జరగమనాలన్నా బాబాయే, అరటిపళ్ళ బండివాడూ బాబాయే. నా బతుకును కాగితం మీద అచ్చేసి అమ్ముకున్నవాడికి కూడా వరస కలిపేశారు. నేనేం మాట్లాడానో అందులో లేదు, నిజమే. ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు, ఎక్కడి నుంచి అన్నది ఉంది. ఆయనకు అంతకుమించి అక్కర్లేదు. మాటలు ఆయనే కల్పించుకోగలరు, మా కాపురం అంతా అదే చేశారు.

"నేనేం అనను. రావాలనుంటే ఇంటికి రా. లేదంటే ఇక్కడే ఉండు" అన్నారు కాగితాలు మడుస్తూ. "నువ్వెక్కడున్నా నాకు బెంగ లేదు. తెలిసిపోద్ది గదా."

కాగితాలు తిరిగి జేబులో పెట్టుకుని, కళ్ళద్దాలు రాయించుకుని మరీ వెళ్ళారు.

మర్నాడు సెలవు పెట్టి ఫోన్ కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. నా కాల్ రికార్డు ఎవరు తీశారో చెప్పమని అడిగాను. కౌంటర్లో అమ్మాయి చాలా మంచిది, కుర్చీ చూపించింది, మంచినీళ్ళు ఇచ్చింది. "ఆ వివరాలు బయటికి చెప్పకూడదండి. కస్టమర్ల ప్రైవసీ కదండి" అంది. ఆ కస్టమరును నేనే తల్లీ అన్నాను. అయినా చెప్పకూడదంది. నాకు వచ్చిన ఫోన్ల లెక్క నాకే కావాలన్నా కుదరదట, పోలీసులు రాస్తేనే ఇస్తారట. ఆయన జేబులో మడతపెట్టుకుని తిరుగుతున్న కాగితం నాకు మాత్రం రహస్యం. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ అమ్మాయి ముందే కళ్ళు తుడుచుకున్నాను.

పోలీసు స్టేషన్‌కూ వెళ్ళాను. ఎస్సైగారు కసురుకోలేదు. ఓపిగ్గా విన్నారు. ఇది తప్పేనమ్మా, నేరమే, దీనికి చట్టాలు ఉన్నాయి అన్నారు. కానీ కాగితం ఏదమ్మా? ఆయన తీసుకెళ్ళిపోయారండి. అమ్మినవాడు ఎవరు? బాబాయండి. పేరేంటి? తెలియదండి. కొట్టాడా? లేదండి. బెదిరించాడా? 'బెంగ లేదు' అన్నారండి. ఆ మాట బయటికి అన్నాక అందులో బెదిరింపు ఎక్కడుందో నాకే కనబడలేదు. రైటరుగారు తెల్లకాగితం నా ముందుకు జరిపి, "ఇప్పుడుంటున్న అడ్రసు, ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరు స్పష్టంగా రాయమ్మా. ఆయన్నీ పిలిపించి మాట్లాడాలి గదా, ఒక కాపీ వాళ్ళకీ ఇస్తాం" అన్నారు. పెన్ను కింద పెట్టేసి దణ్ణం పెట్టి వచ్చేశాను.

తర్వాత అన్నీ మార్చేశాను. కళ్ళాసుపత్రి మానేసి, కాలవకు అవతలి పక్కన ఒక బట్టల షాపులో లెక్కలు రాసే పనికి కుదిరాను. గది మార్చాను. కొత్త సిమ్ కొన్నాను. కానీ ఏ నంబరు కొన్నా దాన్నుంచి అమ్మకు చేస్తే ఆమె ఫోన్ కాగితాల్లో పడుతుంది. నన్ను పట్టుకోవడానికి ఆయన నా వెంట తిరగక్కర్లేదు. మా అమ్మకు నా గొంతు వినాలనిపిస్తే చాలు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన కోపం ఎవరి మీద చూపించాలో తెలియక పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా పడుకున్నాను.

తెలిసినవాళ్ళతో కబురుపెట్టి, ఒక ఆదివారం తెనాలి నుంచి రైల్లో రేపల్లె వెళ్ళాను. అమ్మ బస్సులో వచ్చింది. స్టేషన్ బెంచీ మీద కూర్చుని, ఆమె ఫోన్లోంచి నా పాత నంబరు తీసేశాను. కొత్తది ఇవ్వలేదు.

"పోనీ రింగొక్కటీ ఇస్తానే. నువ్వు ఎత్తొద్దు, తిరిగి చెయ్యొద్దు. మోగితే చాలు" అంది.

"అదీ వద్దమ్మా."

"మోగితే కూడా కనిపెడతాడా?"

"ఏమోనమ్మా, నాకు తెలీదు."

అమ్మ ఫోన్ తీసి రొంటిన దోపుకుంది. "నేనేదో తెలివిగా చేశాననుకున్నా" అంది. మళ్ళీ ఆదివారం ఇదే బెంచీ అనుకున్నాం. అలా చాలా ఆదివారాలు కలుసుకున్నాం. ఖైదీని చూడటానికి వచ్చినట్టుగా వచ్చేది, కారియరు పట్టుకుని. మా ఇద్దరిలో ఖైదీ ఎవరో చెప్పడం మాత్రం కష్టం.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున బట్టల షాపులో లెక్కలు చూస్తున్నాను. ఎదురుగా ఆయన నిలబడి ఉన్నారు. ఈసారి నవ్వడం లేదు.

"అత్తయ్య పడిపోయింది. రేపల్లె ఆసుపత్రిలో చేర్చారు. బయట కారుంది."

నేను నమ్మలేదు. నన్ను బయటికి రప్పించే ఎత్తు అనుకున్నాను. ఇన్నాళ్ళూ చేయని పని చేశాను. అమ్మ నంబరుకు ఫోన్ చేశాను. పక్కింటి అత్త ఎత్తింది.

"అమ్మాయ్, నువ్వేనటే! మూతి వంకరపోయిందే మీ అమ్మకి, మాట పడిపోయింది. నీకు చేద్దామంటే ఈ ఫోన్లో నీ నంబరే లేదు. అల్లుడుగారిది ఉంటే ఆయనకి చెప్పాం. ఎక్కడుందో నాకు తెలుసు, నేను తీసుకొస్తానన్నాడు."

ఆయన చెప్పింది నిజం. మా అమ్మ సంగతి నాకు చేర్చగలిగిన మనిషి ఈ భూమ్మీద ఆయన ఒక్కరే మిగిలారు. మిగతా దారులన్నీ నా చేతులతో నేనే మూసేశాను. కారెక్కాను. దారిలో ఆయన ఒకే ఒక్కమాట మాట్లాడారు. "సిమ్ మార్చావు గానీ ఫోన్ మార్చలేదు. ఫోన్‌కి కూడా ఒక నంబరు ఉంటదంట. దాంతో కొత్త సిమ్ దొరికిపోద్దంట, నువ్వు ఫోన్ చేసిన షాపూ దొరికిపోద్దంట, బాబాయి చెప్పాడు." నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రి వరండాలో అడవులదీవి ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. నన్ను పట్టుకుని ఏడ్చి, ఆయన వైపు తిరిగి దణ్ణాలు పెట్టారు. ఇట్టాంటి అల్లుడు ఎవరికుంటాడమ్మా, ఎక్కడున్నా వెతికి తీసుకొచ్చాడు అన్నారు. ఎవరికి ఏమని చెప్పను? అమ్మ మంచం మీద ఉంది. నన్ను చూసి కన్ను మెరిసింది. నా వెనక ఆయన్ని చూడగానే బాగున్న చెయ్యి ఎత్తి, వెళ్ళిపో వెళ్ళిపో అన్నట్టు నాకు సైగ చేసింది. పిచ్చితల్లి అల్లుణ్ణి దగ్గరికి రమ్మంటోందనుకుని పక్కింటి అత్త ఆయన్ని ముందుకు జరిపింది.

నర్సు కేసు షీటు పట్టుకుని వచ్చింది. "పేషెంటు దగ్గర ఎవరుంటారండి?"

"నేనేనండి, కూతుర్ని."

"ఫోన్ నంబరు చెప్పండి."

నేను నోరు తెరిచేలోపే ఆయన చెప్పడం మొదలుపెట్టారు. నేను అమ్మకు కూడా ఇవ్వని నా కొత్త నంబరు. కాగితం చూడలేదు, ఎక్కడా తడుముకోలేదు. నర్సు ముచ్చటపడింది.

"మా ఆయనకి నా నంబరు ఇప్పటిదాకా నోటికి రాదండి" అంది నవ్వుతూ. రాసుకున్నది పైకి చదివి నావైపు చూసింది. "కరెక్టేనా అండి?"

"కరెక్టేనండి" అన్నాను.