కర్చీఫ్ వేస్తే చెల్లదు

మా బావ గొంతు విననివాళ్ళు మా ఊళ్ళో లేరు. మొహం తెలియనివాళ్ళు మాత్రం బోలెడుమంది. కుళాయి నీళ్ళు రావని, ఫలానా వీధిలో కరెంటు తీస్తారని, పిల్లవాడు తప్పిపోయాడని చెప్పేది ఆ గొంతే. ఎన్నికలొస్తే పొద్దున ఒక గుర్తుకు ఓటెయ్యమని, సాయంత్రం దాని ఎదుటి గుర్తుకు వెయ్యమని అంతే నిజాయితీగా చెప్పేదీ ఆ గొంతే. ఊరంతా ఆయన్ని మైకు అంటుంది. కోపమొస్తే మా అక్క కూడా మైకు కట్టెయ్యమంటుంది. నేను ఆయన సౌండ్ సిస్టమ్ దుకాణంలో స్పీకర్లు మోసి, వైర్లు కలిపి, కాలిపోయిన ఆంప్లిఫయర్లు బాగుచేస్తుంటాను. బావమరిది బతకకోరతాడని ఊరికే అన్నారా? బావ గొంతు బాగుంటేనే నా పొయ్యి వెలుగుతుంది.

ఇన్ని చెప్పినా ఆయన ప్రాణం మాత్రం క్రికెట్ కామెంటరీలో ఉంది. మునిసిపల్ గ్రౌండులో మ్యాచ్ ఉందంటే ముందురోజు నుంచీ చల్లటి నీళ్ళు ముట్టడు. ఇంట్లో కూడా ఆ భాషే. భోజనానికి లేస్తే లంచ్ బ్రేక్. అక్క ఏదైనా నిలదీస్తే, అవుట్‌సైడ్ ఆఫ్ స్టంప్ బంతి, ఆడకుండా వదిలేశానంటాడు. అలాంటి మనిషి కడుపున ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కూతురు పుట్టింది.

ఆ పిచ్చి మా ఊరికి ఎలా వచ్చిందో నేను కళ్ళారా చూశాను. ఆడపిల్లల బడికి కొత్త డ్రిల్లు టీచరు వచ్చింది. బస్సు డిపో వెనక ఖాళీ జాగాలో నలుగురు పిల్లలతో మొదలుపెట్టింది. తర్వాత సెలూన్‌లో టీవీకి ఆ జబ్బు సోకింది. అక్కడ గోల్ పడేటట్టుంటే కత్తెర ఆగిపోయేది, ఒకవైపే కటింగ్ అయిన పెద్దమనుషులు తువ్వాలు మెడలో వేసుకుని నోరు తెరుచుకు చూస్తుండేవారు. దర్జీ పెళ్ళి బట్టలు పక్కన పడేసి వీపు మీద అంకెలున్న చొక్కాలు కుట్టడం మొదలుపెట్టాడు. అయినా మా వాళ్ళకు క్రికెట్ రక్తంలోంచి పోతుందా? ఎన్ని వికెట్లు పడ్డాయని టీవీ చూసేవాళ్ళని అడిగేవారు. నా మేనకోడలు పొడగరి కావడంతో గోల్‌కీపర్ అయింది. స్నేహితులు దాన్ని గోడ అంటారు. గోడకు చెవులుంటాయేమోగాని, మా గోడకు ఇంట్లో ఎవరేం చెప్పినా వినపడదు.

ఇంతలో డిపోవాళ్ళు ఆ జాగాలో బస్సులు పెట్టేశారు. పిల్లలకు అడుగు పెట్టే చోటు లేకుండా పోయింది. టీచరూ మా కోడలుపిల్లా కలిసి గ్రౌండు కమిటీ ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళి, ఆదివారాలు పొద్దుటిపూట గ్రౌండు ఇమ్మని అడిగారు. ఆయనకు క్రికెట్ తప్ప మిగతావన్నీ వ్యాయామం కింద లెక్క. కొత్త ఒక వింత, పాత ఒక రోత, నాలుగు వారాలు ఎగిరి మానేస్తారన్నాడు. చివరికి ఒక మెలిక పెట్టాడు. వచ్చే ఆదివారం క్రికెట్ ఫైనల్‌కి ముందు పక్క ఊరి పిల్లలతో ఒక మ్యాచ్ ఆడుకోవచ్చు. ఆఖరి విజిల్ దాకా జనం కూర్చుంటే ప్రతి ఆదివారం గ్రౌండు వాళ్ళదే. జనం మధ్యలో లేచిపోతే మాత్రం మళ్ళీ తన గేటు తొక్కకూడదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు వాళ్ళ నాన్నని కామెంటరీ చెప్పమంది. బావ నీళ్ళు నమిలాడు. తెలియని ఆటకి నోరెత్తితే ఇన్నేళ్ళ పేరు గంగలో కలుస్తుందని ఆయన భయం.

"నువ్వు మాట్లాడితే జనం లేవరు నాన్నా. ఇంకెవరు మాట్లాడినా లేచిపోతారు," అంది అది.

ఆ మాటకి కరిగిపోయాడు. వారమంతా గ్లాసులు ఒక జట్టు, చెంచాలు ఒక జట్టుగా పెట్టి బల్ల మీద పాఠం నడిచింది. కార్నర్ అంటే ఏమిటో నేర్చుకున్నాడు, ఫౌల్ నేర్చుకున్నాడు. ఆఫ్‌సైడ్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఊపేశాడు. ఆఫ్‌సైడ్ గురించి నాకా చెప్తావు, నువ్వు పుట్టకముందు నుంచీ చెప్తున్నానన్నాడు. కొంప ముంచింది ఆ మాటే.

ఆదివారం పొద్దున నేను స్పీకర్లు కడుతుంటే బావ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. క్రికెట్ ఫైనల్ కోసం జనం ముందే వచ్చి కూర్చున్నారు. నడుమ పిచ్ మీద ఒక్క బూటు పడకూడదని ప్రెసిడెంటు తాడు కట్టించాడు. దాని పక్కన మిగిలిన నేల మీద సున్నం గీసి పొట్టి మైదానం తయారుచేశారు. మ్యాచ్ మొదలయ్యీ కాకముందే పక్క ఊరివాళ్ళు గోల్ కొట్టేశారు. గోల్‌కీపర్ క్లీన్ బౌల్డ్ అని బావ ప్రకటించాడు. అంత దూరం నుంచీ మా కోడలు చూసిన చూపు నాకు తగిలింది. జనానికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు, ఒక్కొక్కరే టీ బండి వైపు నడక మొదలుపెట్టారు. సగం ఆట అయ్యేసరికి స్టాండులో సిమెంటు మెట్లు కనపడసాగాయి.

బావ మైకు పుచ్చుకుని లేచి నిలబడ్డాడు. ఇది ఇన్నింగ్స్ బ్రేక్ అన్నాడు. పక్క ఊరి స్కోరు ఒకటి, సమం చెయ్యాలంటే ఒకటి కావాలి, గెలవాలంటే రెండు, మనవాళ్ళు ఛేజింగ్‌కి దిగుతున్నారు అన్నాడు. టీచరు తల పట్టుకుంది. అవతలివాళ్ళు కూడా మళ్ళీ గోల్ కొట్టొచ్చండీ అని చెప్పబోయింది. కానీ ఛేజింగ్ అన్న మాట చెవిన పడ్డాక మా ఊళ్ళో ఇంటికెళ్ళేవాడు ఎవడు? టీ గ్లాసులు పట్టుకునే పరుగెత్తుకొచ్చి మెట్లు నింపేశారు.

ఇక చూడాలి ఆ రెండో సగం. మనవాళ్ళు పూనకం వచ్చినట్టు ఆడారు. రెండు జడల చిన్నపిల్ల ఒకతి ఎక్కడి నుంచి వచ్చిందో, గోల్ ముందు బంతి అందుకుని వలలోకి తన్నింది. అదే క్షణంలో గీత పక్కనున్న అంపైరు జెండా ఎత్తాడు. ఎవరో ఆఫ్‌సైడ్ అన్నారు, అది బావ చెవిన పడింది. ఆయన ఉప్పొంగిపోయాడు. "ఆఫ్‌సైడ్ మీదుగా అద్భుతమైన గోల్" అని ఊరు దద్దరిల్లేటట్టు చెప్పాడు. జనం గంతులేశారు. చూస్తే రెఫరీ గోల్ లేదంటున్నాడు.

అంతే, స్టాండు భగ్గుమంది. ఆఫ్‌సైడ్‌లో కొడితే తప్పేమిటి, లెగ్‌సైడ్‌లోనే కొట్టాలా అని ఒకాయన నిలదీశాడు. నిజమే కదా అని నాక్కూడా అనిపించింది. కుర్రాళ్ళు సున్నం గీత దాటి లోపలికి వచ్చేశారు. వెనక్కి వెళ్ళకపోతే మ్యాచ్ రద్దు చేస్తానన్నాడు రెఫరీ. ప్రెసిడెంటు కుర్చీలోంచి లేచి, మైకు లాక్కోవడానికి మా బల్ల వైపే వస్తున్నాడు. ఆదివారాలు చేజారిపోతున్నాయని నాకు అర్థమైంది. అవతల గోల్ దగ్గర మా పిల్ల రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది.

టీచరు పరుగున వచ్చి ఒక్క గుక్కలో రూలంతా చెప్పింది. బావ తెల్లమొహం వేశాడు.

"అంటే బంతి బయల్దేరకముందే కాపలావాళ్ళని దాటి అక్కడ కాచుక్కూర్చోకూడదు. అంతేనామ్మా?"

"అంతేనండీ."

ఆయన మైకు దగ్గరికి తీసుకున్నాడు. ఈసారి అరవలేదు. మామూలుగా మాట్లాడాడు.

"అయ్యా, అమ్మా, తప్పు రెఫరీది కాదు, నాది. క్రికెట్ ఆఫ్‌సైడ్ వేరు, ఈ ఆఫ్‌సైడ్ వేరు. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతాం కదా, అదీ సంగతి. బంతి ఇంకా బయల్దేరలేదు, మన పిల్ల ముందే వెళ్ళి గోల్ దగ్గర సీటు ఆపుకుంది. ఈ ఆటలో కర్చీఫ్ వేస్తే చెల్లదు."

ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు మెట్టు మెట్టుకీ పాకి స్టాండంతా నవ్వింది. జీవితంలో ఒక్కసారైనా కర్చీఫ్ వెయ్యనివాడు అందులో ఎవడున్నాడు గనక? కుర్రాళ్ళు గీత వెనక్కి వెళ్ళారు. ఆ తర్వాత పక్క ఊరి పిల్ల ఒకతి ముందుకు జరిగి నిలబడి, బంతి రాగానే ఉరకబోతే, జెండా లేవకముందే స్టాండు మొత్తం కర్చీఫ్ కర్చీఫ్ అని అరిచింది. నిజంగానే ఆఫ్‌సైడ్. జెండా అంపైరు నవ్వాపుకోలేక తల పక్కకి తిప్పుకున్నాడు. ఆట అర్థమైపోయిందన్న సంబరం చూడాలి ఆ జనం మొహాల్లో! సెలూన్ ఆయన పక్కవాళ్ళకి విడమరిచి చెప్తున్నాడు. ప్రెసిడెంటు మైకు సంగతి మరిచిపోయి నా పక్కనే నిలబడిపోయాడు.

ఆఖరి నిమిషాల్లో మనకి కార్నర్ దొరికింది. సమం చెయ్యాలంటే ఇదే అదను. మా కోడలు గోల్ వదిలేసి అవతలి కొసకి పరుగెత్తింది. వికెట్ కీపర్ బౌలింగుకి వెళ్తోందని బావ చెప్పాడు. బంతి పైకి లేచింది. అందరికంటే ఎత్తున మా గోడ తల కనపడింది. బంతి దాని నుదుటికి తగిలి, పై కడ్డీకి ఠంగుమని కొట్టుకుని వెనక్కి వచ్చింది. పక్క ఊరి పిల్ల ఒకతి దాన్ని బలంగా తన్నింది.

ఇటు మన గోల్ ఖాళీ. కాపలాకి నరమానవుడు లేడు. బంతి దొర్లుకుంటూ, తొందరేమీ లేనట్టు దొర్లుకుంటూ అటే పోతోంది. వెనక మా పిల్ల పరుగు. బావ కామెంటరీ మరిచిపోయాడు, వేలమంది వింటున్నారని మరిచిపోయాడు.

"పరిగెత్తు తల్లీ, పరిగెత్తు, పరిగెత్తు నా తల్లి," అంటున్నాడు మైకులో.

స్టాండంతా లేచి ఆ మాటే అందుకుంది. పరిగెత్తు తల్లీ అని ముసలివాళ్ళు, పిల్లలు, క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని ఫైనల్ కోసం కూర్చున్న ఆటగాళ్ళు అందరూ. ప్రెసిడెంటు నా భుజం పట్టుకుని పిండేస్తున్నాడు, ఆయన కూడా అరుస్తున్నాడు. గీత మీదకి బంతి చేరింది, అప్పుడే మా పిల్ల పొడుగ్గా గాల్లోకి దూకి రెండు చేతులూ బంతి మీద వేసింది. బంతి గీత దాటలేదు. రెఫరీ ఆఖరి విజిల్ ఊదాడు.

ఓడిపోయాం. ఒకటి సున్నా. కానీ ఆ కేకలు వింటే బయట రోడ్డు మీద పోయేవాళ్ళు కప్పు గెలిచామనుకుని ఉంటారు. మెట్ల మీద ఒక్కరూ కదలలేదు. బావ గొంతు పూర్తిగా పోయింది, నోరు కదుపుతున్నాడు గాని మాట రావడం లేదు. కళ్ళు తుడుచుకుంటున్నాడు, నేను చూడనట్టు వైర్లు సర్దుకున్నాను.

ప్రెసిడెంటు మైదానంలోకి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. మా కోడలు ఇంకా గీత మీదే బంతిని గుండెకి హత్తుకుని కూర్చుని ఉంది, మోచేతులు చీరుకుపోయాయి. ఆయన్ని చూసి లేవబోయింది, ఆయన వద్దని సైగ చేశాడు.

"వచ్చే ఆదివారం ఎన్నింటికమ్మా?"

"ఆరింటికండీ," అంది అది, నమ్మలేనట్టు.

ఆయన తల ఊపి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"నేను వచ్చేదాకా మొదలుపెట్టకండి."