దేవుడికి చెప్పిన ఉప్మా సంగతి

నిన్న వడ్రంగి వచ్చాడు. వంటింటి కిటికీ రెక్క బిగించి, పోతూ పోతూ దేవుడి గది తలుపు కింద చెయ్యి పెట్టి చూసి, "అమ్మా, ఇక్కడ రెండు వేళ్ళ సందుంది. ఓ చెక్క కొట్టేస్తే బల్లులు దూరకుండా ఉంటాయి" అన్నాడు. వద్దన్నాను. కూలి మిగుల్చుకోవడానికి వద్దంటున్నాననుకున్నాడేమో, నన్ను అదోలా చూసి సంచీ సర్దుకున్నాడు. అనుమానంగా చూసేవాళ్ళు నాకు కొత్త కాదు. నాలుగేళ్ళ కిందట ఓ ఎండాకాలమంతా అలాంటి చూపుల మధ్యే గడిపాను.

ఆ ఏడు మా తమ్ముడి కూతురు పదో తరగతి పరీక్షలు రాసి మా ఇంటికొచ్చింది. తమ్ముడూ మరదలూ విడాకులకని ఒంగోలు కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. పిల్ల ఎవరి దగ్గరుండాలో తేలలేదు. జడ్జిగారు తననే లోపలికి పిలిచి అడుగుతారన్నారు. ఆ వాయిదా దాకా తల్లి దగ్గరుంటే తల్లి నేర్పిస్తుందని వాడి అనుమానం, తండ్రి దగ్గరుంటే తండ్రి నేర్పిస్తాడని ఆవిడ అనుమానం. చివరికి అద్దంకి పక్క పల్లెలో ఉన్న మా ఇంటికి పంపడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. "వదిన దేవుడి మనిషి, అబద్ధమాడదు" అని మా మరదలే అందట. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

వచ్చిన మర్నాడు పొద్దున "ఇడ్లీ వెయ్యనా, దోసె పొయ్యనా?" అని అడిగాను. "ఎందుకడుగుతున్నావు అత్తా? నాన్న కనుక్కోమన్నాడా?" అంది. ఇడ్లీ అంటే ఎవరి పక్షం అవుతుందో, దోసె అంటే ఎవరి పక్షం అవుతుందో అని కాబోలు, ఆ పూట ఉత్త మజ్జిగన్నం తింది. మా ఆయన ఇంటర్లో ఏ గ్రూపు తీసుకుంటావమ్మా అంటే ఆయన్నీ ఎగాదిగా చూసి, "ఇంకా అనుకోలేదు మావయ్యా" అని తప్పుకుంది. మా మిరప కల్లంలో పనికొచ్చే పెద్దామె మాత్రం చూసీ చూడగానే, "ఏమ్మాయ్, మీ అమ్మా నాన్నా ఇడిపోతన్నారంటగా! నువ్వెవరికాడ ఉంటావే?" అని వీధి చివరికి వినబడేలా అడిగేసింది. చిత్రం, ఈ పిల్ల ఆ ఒక్క మనిషినే అనుమానించలేదు. "ఆవిడకి తెలుసుకోవాలనిపించింది, అడిగింది. మీరందరూ అడక్కుండా అడుగుతారు" అంది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? పిల్ల ఫోను పట్టుకుని డాబా మీదికెళితే, ఆరేసిన బట్టలు తెచ్చే వంకతో సగం మెట్లెక్కి నిలబడేదాన్ని. తల్లికి మన ఇంటి సంగతులు మోస్తోందేమోనని. మెట్టు మీద నా నీడ కనబడగానే మాట ఆగిపోయేది. సాయంత్రమైతే తమ్ముడి ఫోను. "అక్కా, ఏమంది? నా మాటేమైనా ఎత్తిందా? నా గురించి నాలుగు మంచి ముక్కలు దాని చెవిన వెయ్యక్కా. చచ్చి నీ కడుపున పుడతాను." పసితనంలో నేను ఎత్తుకు తిరిగిన తమ్ముడు అలా అంటే ఏ అక్క మనసు గట్టిగా ఉంటుంది?

నేను బడికెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. తాతయ్యే ఇంట్లో బియ్యప్పళ్ళెంలో అక్షరాలు దిద్దించాడు. శ్లోకాలకంటే ముందు, ఆ రోజు దక్కినవన్నీ పైకి చెప్పి దేవుడికి దండం పెట్టడం నేర్పాడు. కుళాయి వచ్చిందనీ, గేదె తన్నకుండా పాలిచ్చిందనీ, మబ్బు పట్టినా చినుకు పడక కల్లంలో కాయ తడవలేదనీ ఇప్పటికీ పేరుపేరునా చెప్పుకుంటాను. ఒకరోజు అలా చెప్పుకుంటూ ఉంటే తలుపు కింది సందులోంచి రెండు కాలి బొటనవేళ్ళు కనబడ్డాయి. పిల్ల బయట నిలబడి వింటోంది. మొదట పొంగిపోయాను, భక్తి కుదురుతోందని. తర్వాత అర్థమైంది. నేను మనుషులతో అనేది నమ్మదు, దేవుడితో ఏమంటానో వింటోంది.

అక్కడే నా బుద్ధి గడ్డి తింది. మర్నాడు కుళాయి, గేదె అయిపోగానే గొంతు కాస్త పెంచి, "స్వామీ, మా తమ్ముడు మెత్తని మనిషి. పిల్లమీద బెంగతో చిక్కిపోయాడు" అన్నాను. బొటనవేళ్ళు కదల్లేదు. ఆ మర్నాడు మరో ముక్క కలిపాను. మూడోనాటికి రుచి మరిగి, వాడు పిల్లకోసం ఉప్మా చెయ్యడం నేర్చుకున్నాడనీ, ఉండ కట్టకుండా వస్తోందనీ కూడా చెప్పాను. హారతి పళ్ళెం ఇంకా నా చేతిలోనే ఉంది.

"అత్తా," అంది బయటినుంచి, "ఉప్మా సంగతి దేవుడికెందుకు? నాకే కదా చెబుతున్నావు?"

కాదనడానికి నోరు తెరిచాను. ఎదురుగా స్వామి పటం ఉంది. "అవునే, నీకే" అన్నాను. తలుపు తీసేసరికి పిల్ల కళ్ళలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది. చేసిన పని చేశానని ఒప్పుకున్న పెద్దవాళ్ళు ఆ ఏడాదిలో తనకి తగల్లేదేమో. "మరి మూడు రోజుల్నుంచీ మా అమ్మ పేరెత్తలేదేం?" అంది.

ఆ సాయంత్రం తమ్ముడి ఫోను వస్తే పిల్ల ఎదుటే స్పీకర్ పెట్టాను. "ఒరేయ్, దాన్ని నేనేమీ అడగను. అడగలేదు గనక నీకు చెప్పేదీ ఉండదు. మీ ఆవిడ అడిగినా అదే మాట." వాడు అరిచాడు. "నువ్వు నాకు అక్కవా, ఆవిడ ప్లీడరువా?" "దీనికి అత్తనురా" అని పెట్టేశాను.

మర్నాడు పిల్ల తనంతట తనే కల్లానికొచ్చింది. రంగు పోయి తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కన వెయ్యడం అక్కడి పని. తల ఎత్తకుండా ఏరుతూ, "ఎవరి పేరు చెప్పినా రెండోవాళ్ళని వద్దన్నట్టే కదత్తా?" అంది.

"ఎవరి దగ్గరుంటావనే అడుగుతారు. ఎవరు ఇష్టమని ఎవరూ అడగరు, అడిగినా చెప్పక్కర్లేదు."

"నీకూ చెప్పక్కర్లేదా?"

"వద్దు."

"తెలుసుకోవాలని లేదా?"

"ఎందుకు లేదూ, తెలుసుకోకపోతే చచ్చేట్టున్నాను" అన్నాను. ఆ ఎండాకాలంలో మొదటిసారి నవ్వింది. మిరప ఘాటుకు ఇద్దరికీ దగ్గొచ్చింది.

వాయిదా రోజు జడ్జిగారి గదిలోంచి బయటికొచ్చిన పిల్ల మొహం చూసి, ఏమీ తెలియక, తల్లీ తండ్రీ ఇద్దరూ నా మొహంలో వెతికారు. అక్కడా ఏమీ లేదు. చదువు తల్లి దగ్గర, సెలవులు తండ్రి దగ్గర అని తేలింది. నేనే నేర్పి పంపానని తమ్ముడు ఏడాదిన్నర మా గడప తొక్కలేదు. పిల్ల మాత్రం ఇద్దరి దగ్గరా కడుపునిండా తిని, ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. అంతకంటే నేను దేవుణ్ణి అడిగిందేముంది?

పోయిన నెల తమ్ముడొచ్చాడు. గోంగూరపప్పు కలుపుకుంటూ మళ్ళీ అడిగాడు. "ఇప్పటికైనా చెప్పక్కా, ఆ రోజు దానికేం చెప్పి పంపావు?" ఏమీ చెప్పలేదురా అన్నాను. నమ్మలేదు. కానీ రెండోసారి పప్పు వెయ్యమని కంచం జరిపాడు. మొత్తంగా నమ్మడానికి వాడికి ఇంకొన్నేళ్ళు పడుతుందేమో. దేవుడి దయవల్ల మా ఇద్దరికీ ఇంకా అంత వయసు మిగిలే ఉందనుకుంటున్నాను.