ముల్లు పీకకు బిడ్డా

నాగర్‌కర్నూల్‌లో మా ఆఫీసు వెనక రేకుల షెడ్డు ఉంది. మొన్న మధ్యాహ్నం అక్కడ నా బండి డిక్కీ తెరిచేసరికి సొలూషన్ వాసన గుప్పుమంది. ఎండ వేడికి ట్యూబు మూత పగిలినట్టుంది. పంచర్లు అతికించే ఆ బంక వాసనకు కొందరికి తల తిరుగుతుంది. నాకు మాత్రం నోట్లో జొన్నరొట్టె రుచి వస్తుంది. గద్వాలలో, అయిజ రోడ్డు మీద, ఎస్తేరమ్మ పంచర్ దుకాణంలో ఆ వాసన మధ్యలోనే కూర్చుని ఎన్నో రొట్టెలు తిన్నాను మరి. నేను డిక్కీలో వెతుకుతున్నది కూడా పంచర్ సామానే. మా ఆఫీసులో కొత్తగా చేరిన శైలజ కరెంటు బండి ముందు టైరులో ముల్లు దిగింది. "పీకకు!" అని అరిచాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చేలోపే ఆమె రెండు వేళ్లతో దాన్ని లాగి గోడ అవతలికి విసిరేసింది. స్‌స్‌స్ మని గాలంతా పోయింది. "ముల్లే కదా మేడం, పీకితే ఏమైతది?" అంది అమాయకంగా. సరిగ్గా ఇదే తప్పు చేసి నేను ఎస్తేరమ్మ దగ్గరికి చేరాను.

నా కుడికాలు రెండేళ్ల వయసులోనే చచ్చుబడింది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. జాలిపడేవాళ్లు ఇప్పుడే పడిపోతే మిగతా కథ హాయిగా చెప్పుకోవచ్చు. అప్పట్లో నాకు గట్టు మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం. గద్వాల నుంచి రోజూ బస్సులో పోయేదాన్ని. బస్సు మెట్టు దగ్గర అడగకుండానే చంకల కింద చేతులు పెట్టి ఎత్తే దయగల మనుషులంటే నాకు ఒళ్లుమంట. అందుకే పక్కల రెండు చిన్న చక్రాలు బిగించిన కరెంటు స్కూటర్ కొనుక్కున్నాను. కిక్కు కొట్టే పని లేదు, గేర్లు లేవు, చప్పుడు లేదు. ఒకటే గడబిడ. అందరి బండికీ రెండు టైర్లుంటే నాదానికి నాలుగు. ఆ పక్క చక్రాలు రోడ్డు అంచునే నడుస్తాయి. చేలకు కంచె వేయడానికి రైతులు సర్కారుతుమ్మ కంప కొట్టి ఈడ్చుకుపోయేది కూడా ఆ అంచు మీదుగానే.

బండి కొన్న కొత్తలోనే ఒక మధ్యాహ్నం గట్టు నుంచి తిరిగి వస్తుంటే ఎడమ పక్క చక్రం మెత్తబడింది. ఆపి చూస్తే వేలెడంత తుమ్మముల్లు. ముల్లు కనబడితే మనం ఏం చేస్తాం? నేనూ అదే చేశాను. దాన్ని పీకి, నోటికొచ్చిన తిట్టు తిట్టి, పక్క చేలో పారేశాను. మళ్లీ సీటెక్కేలోపే టైరు నేలకంటింది. చుట్టుపక్కల చెట్టన్నది లేదు. అన్నకు ఫోన్ చేస్తే ఆయన అయిజ అవతల పత్తి విత్తనాల చేలో ఉన్నాడు. ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. అప్పటికి నా పెదాలు పగిలి, కళ్లు తిరుగుతున్నాయి. మరునాడు దవాఖానలో సెలైన్ ఎక్కించారు. అన్న చేను పని మానుకుని రోజంతా నా మంచం పక్కనే కూర్చుని సెలైన్ చుక్కలు లెక్కపెట్టాడు.

కోలుకున్నాక ట్రాలీ ఆటోలో బండి వేసుకుని తిరిగితే, గద్వాలలో ఇద్దరు పంచర్ వాళ్లు దాన్ని చూసి దూరం జరిగారు. "ఇది కరెంటు బండక్కా. ఏదన్న వైరు తెగితె మాకు తెల్వదు." మోటారు ఉన్నది వెనక చక్రంలో, పంచరైంది పక్క చక్రం! ఎంత చెప్పినా వినలేదు. చివరికి అయిజ రోడ్డులో, పాత లారీ టైరు మీద సున్నంతో 'పంచర్' అని రాసున్న చోట ఆటో ఆపించాను. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కున్న ఒక ఆడమనిషి లేచి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. నా కాలు వైపు చూడనే లేదు, నేరుగా టైరు దగ్గర కూర్చుంది.

"ముల్లేది?" అంది.

"పారేసిన."

"యాడ?"

"చేన్ల."

"మంచిగ చేసినవ్. ఇగ బొక్క యాడుందని ఆ చేనును అడగాల్నా?"

నాకు కోపం నషాళానికంటింది. ఆమె పట్టించుకోలేదు. ట్యూబు మొత్తం బయటికి లాగి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వెతుక్కుంటూ చెప్పింది. "కాలికి గుచ్చుకుంటె పీకు. టైరుకు గుచ్చుకుంటె పీకకు బిడ్డా. అది గుచ్చుకున్నన్ని రోజులు బొక్కను అదే మూసుకొని ఉంటది. గాలి మెల్లగ పోతది. జర నిమ్మళంగ నడుపుకుంట వస్తె మనుషులున్న కాడికన్న చేరుతవ్. పీకినవంటె గాడ్నే కూసుంటవ్."

ఆమే ఎస్తేరమ్మ. పడుచుతనంలో మొగుడితో కలిసి కూలీల గుంపులో కర్ణాటక వైపు వలసపోయింది. కాలువలు తవ్వింది, బండలు మోసింది. అక్కడ టిప్పర్లకు టైర్లు వేసే ముసలాయన దగ్గర కూర్చుని ఈ పని పట్టింది. మొగుడు పోయాక తిరిగొచ్చి ఈ దుకాణం పెట్టుకుంది. బండలు మోసి మోసి ఆమె వేళ్ల చివర్లు మొద్దుబారాయి. అందుకని టైరు లోపల ముల్లు మొన మిగిలిందేమో చూడటానికి వేళ్లతో తడిమేది కాదు. పిడికెడు పత్తి తీసుకుని లోపలంతా తిప్పేది. ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ మొన ఉన్నట్టు. "నా ఏళ్లకు తెల్వదు, పత్తికి తెలుస్తది," అనేది. ఆ రోజు అట్లాగే, విరిగి లోపలే ఉండిపోయిన ఇంకో ముల్లు మొనను పట్టుకుంది. అది చూడకుండా ట్యూబు ఎక్కించి ఉంటే ఇంటికి చేరకముందే మళ్లీ పంచరయ్యేది.

నెల తిరగకుండానే రెండోసారి. ఈసారి మేకు. బుద్ధిగా పీకకుండా వదిలేశాను కానీ, లావు మేకు కావడంతో గాలి ఆగలేదు. మళ్లీ అన్నకే ఫోన్. కూలీలను చేలో వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. బండిని ఆటోలోకి ఎక్కించాక, ఇన్నాళ్లూ అననిదంతా అనేశాడు.

"ఇంకొక్కసారి గిట్ల ఫోన్ చేస్తివో, ఉద్యోగం బంద్. నిన్ను ఆ రోడ్డు మీద గట్ల చూసుడు నాతోని కాదు."

ఆయనది కోపం కాదు, భయం. తెలిసినా నాకు మంట తగ్గలేదు. మా వీధిలో నేను కుంటి సునీతను. గట్టు ఆఫీసులో ఆపరేటర్ మేడంను. ఆ పిలుపు కోసం నేను రోజూ ఆ రోడ్డంతా పోయి వస్తున్నానని ఎవరికి చెప్పుకోను? ఆ రాత్రి అన్నం కూడా సహించలేదు.

రెండు రోజుల తర్వాత బండిని ఆటోలో వేసుకుని ఎస్తేరమ్మ దుకాణానికి పోయి మేకు దిగిన చక్రం చూపించాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"నేను చెయ్య," అంది.

"ఎందుకు చెయ్యవు పెద్దమ్మా?"

"చెయ్య అంటె చెయ్య. నీకు చేతులు లేవా? కూసో కింద."

ఎంత పొగరు అనుకున్నాను. బండి తిప్పుకుని పోదామంటే గద్వాలలో ఇంకెవరూ ముట్టుకోరు. కర్ర పక్కన పడేసి, కాలు చాపుకుని మట్టిలో కూర్చున్నాను. ఆమె స్టూలు మీంచి కదల్లేదు. చెప్పడమే తప్ప ఒక్క పానా కూడా అందివ్వలేదు. ముందు మేకు చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, ఆ తర్వాతే దాన్ని పీకమంది. చక్రం విప్పే పనే లేదంది. ఆ గీతకు ఇటూ అటూ టైరు అంచును రెండు కడ్డీలతో బయటికి తప్పించి, ఆ జానెడు ట్యూబునే పైకి లాగమంది. ముల్లును ఉన్నచోటనే ఎందుకు ఉండనివ్వాలో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. చక్రం విప్పలేని మనిషికి బొక్క జాడ చెప్పేది అదే. కడ్డీ జారి నా వేలు చితికినప్పుడు ఎస్తేరమ్మ భుజాలు ఒక్కసారి ముందుకు ఊగాయి. నా చేతకానితనానికి విసుక్కుంటోంది అనుకున్నాను.

ట్యూబును గరుకు కాగితంతో రుద్ది సొలూషన్ పూశాను. వెంటనే పాచ్ పెట్టబోతే కసిరింది. "ఆరనియ్యి! పరలోక ప్రార్థన ఒకసారి మెల్లగ చదువుకో, ఆరుతది."

"నాకు రాదు."

"మీ దేవునిదే ఏదన్న చదువుకో. ఆయనకైన ఈయనకైన సొలూషన్ ఆరే టైం ఒకటే."

కోపంలో కూడా నవ్వొచ్చింది. పాచ్ అతికించి, లోపల పత్తి తిప్పి, టైరు అంచును కడ్డీతో కాకుండా బొటనవేళ్లతోనే నొక్కి ఎక్కించాను. కడ్డీ వాడితే ట్యూబు మధ్యలో నలిగి కొత్త బొక్క పడుతుందట. ఇక చెమటలు కక్కుతూ గాలి కొడుతున్నాను. "సాకు, సాకు," అంది.

"నేనేం సాకులు చెప్తలేను!" అని విరుచుకుపడ్డాను.

ఎస్తేరమ్మ పడీపడీ నవ్వింది. కన్నడంలో సాకంటే చాలు అని అర్థమట. టిప్పర్ల దగ్గర పట్టుకొచ్చిన మాట. గాలి సరిపోయిందని చెప్తుంటే నేను కయ్యానికి దిగాను. "డబ్బల జొన్నరొట్టె ఉంది, తీస్కొని తిను. కోపం అరుగుతది," అంది.

ఆ తర్వాత శనివారం సాయంత్రాలు అక్కడికి పోవడం అలవాటైంది. ఆదివారం ఆమె తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది, దుకాణం మూసేసేది. పంచర్ వేయడం కంటే పడకుండా చూసుకోవడమే పెద్ద పని అని ఆమె నమ్మకం. సోమవారం బండెక్కేముందు నాలుగు టైర్లలోనూ గాలి చూసుకోమనేది. మెత్తటి టైరు ప్రతి ముల్లునూ రమ్మని పిలుస్తుందట. ఇంటికి చేరగానే చక్రాలు తిప్పి, గాట్లలో ఇరుక్కున్న రాళ్లనూ గాజుపెంకులనూ ఏరేయాలి. పాత ట్యూబును నిలువునా కోసి పక్క చక్రాల్లో టైరుకూ ట్యూబుకూ నడుమ పట్టీలా వేయించింది. వేయించింది అంటే, నాతోనే. మోటారున్న వెనక చక్రానికి ట్యూబు లేని టైరు వేయించుకోమంది. అది పంచరైతే విప్పక్కర్లేదు, బయటినుంచే బొక్కలోకి జిగురుతాడు దూర్చెయ్యొచ్చు. ఇన్ని చెప్పిన మనిషి ఆ మేకు రోజు నుంచి నా బండిని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఎప్పుడు చూసినా ఆ చేతులు కొంగు కిందే. పక్కన వేరే వాళ్ల బండి వస్తే మాత్రం టక్కున లేచి పని అందుకునేది. నా బండంటేనే చిన్నచూపు కాబోలు అని నొచ్చుకునేదాన్ని.

మూడోసారి ఎండాకాలంలో, పొద్దున పదింటికి, గట్టుకు ఇంకా సగం దూరం ఉండగా పక్క చక్రం కుంగింది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అన్న పేరు తెరమీద కనబడింది. ఆ పేరు నొక్కితే అన్న వస్తాడు, వచ్చి నన్ను ఇంట్లో కూర్చోబెడతాడు. ఫోన్ బ్యాగులో పడేసి కిందికి దిగాను. ముల్లు కనబడింది. పీకబోయిన చేతిని నేనే వెనక్కి లాక్కున్నాను. సుద్దగీత గీసి, చిన్న జాకీతో చక్రం ఎత్తి, రోడ్డు మీదే చతికిలబడ్డాను. మోటారు సైకిల్ మీద పోతున్న ఒకాయన ఆగాడు.

"లెయ్ అక్కా, నేను చూస్త."

"నువ్వేం చూడకు. సాయం చేస్తనంటె జర ఎండకు అడ్డం నిలబడు."

పాపం, నిలబడ్డాడు. ముప్పావుగంట నిలబడ్డాడు. సొలూషన్ ఆరేంతవరకు నేను నాకొచ్చిన దేవుళ్ల పేర్లన్నీ పైకే తలచుకుంటుంటే ఆయన కూడా అందుకున్నాడు. పదకొండున్నరకు నల్లటి చేతులతో ఆఫీసులో కూర్చుని కంప్యూటర్ తెరిచాను. నా బతుకులో అంత గర్వంగా ఎప్పుడూ లేను.

సాయంత్రం నేరుగా ఎస్తేరమ్మ దగ్గరికే పోయాను. "చూడు పెద్దమ్మా, చెయ్యి పెట్టి చూడు, ఎంత గట్టిగుందో!" ఆమె లేచి వచ్చింది. వంగి, చెవి టైరుకు ఆనించినంత దగ్గరగా పెట్టి విన్నది. గాలి చప్పుడు లేదు. చేతులు మాత్రం కొంగులోంచి బయటికి రాలేదు. "సాకు," అని లోపలికి పోయింది. మెచ్చుకుని వీపు తట్టడానికి కూడా ఆమెకు చెయ్యి రాలేదని ఏడుపొచ్చింది నాకు.

నాకు నాగర్‌కర్నూల్ బదిలీ అయిన ఏడాది చలికాలంలో ఆయాసంతో ఎస్తేరమ్మ పోయింది. సమాధుల తోట దగ్గరికి పోతే అక్కడ మా అన్న కూడా ఉన్నాడు. ఆయనకు ఈమెతో పనేంటని ఆశ్చర్యపోయాను. తిరిగి వచ్చేటప్పుడు ఆయనే చెప్పాడు.

"రెండోసారి నిన్ను ఆటోల ఏసుకొచ్చిన్నాడు నేను ఆమె కాడికి పోయిన. పెద్దమ్మా, మా చెల్లె బండి నువ్వు బాగు చెయ్యకు, చెయ్యనని చెప్పు, అప్పుడన్న ఉద్యోగం ఇడిసిపెట్టి ఇంట్ల ఉంటది అని బతిమాలిన. చేతిల పానా కింద పెట్టింది. మళ్ల, 'సరే పో, నీ చెల్లె బండికి నా చెయ్యి తగలనియ్య' అన్నది. నేను ఖుషీగ ఇంటికొచ్చిన."

నేను నడవడం ఆపేశాను.

"నువ్వే పంచర్ ఏస్కుంటున్నవని తెలిసినంక కొట్లాడనీకె పోయిన. 'నా చెయ్యి తగిలిందా?' అని అడిగింది. నా చేతిల ఇంత రొట్టె పెట్టి పంపింది." అన్న కళ్లు తుడుచుకున్నాడు. "మంచిగ చేసింది ముసల్ది."

పొగరు అనుకున్నాను, చిన్నచూపు అనుకున్నాను. ఇచ్చిన మాట తప్పకుండా, నన్ను ఇంట్లో కూలబడనివ్వకుండా, ఏళ్ల తరబడి ఆ రెండు చేతులనూ కట్టేసుకుని కూర్చుంది ఎస్తేరమ్మ. నా వేలు చితికిన రోజు ఆమె భుజాలు ఎందుకు ఊగాయో ఆ దారిలో నిలబడి తెలుసుకున్నాను. వెక్కివెక్కి ఏడ్చాను.

మొన్న రేకుల షెడ్డు కింద శైలజ, "మేడం, మీకు వచ్చు కదా, జర ఏసియ్యరా?" అంది. "కూసో కింద," అన్నాను. పారేసిన ముల్లు దొరకదు కాబట్టి ట్యూబు మొత్తం లాగించి, బకెట్ నీళ్లలో ముంచించి, బొక్క ఆమెతోనే వెతికించాను. పత్తి నా డిక్కీలోదే, మా అన్న చేనుది. ఆమె కడ్డీ పట్టడం తప్పు, పాచ్ వంకర, ప్రతిదానికీ నా చేతులు ముందుకు పోతున్నాయి. ఇంత కష్టమని నాకు తెలియదు. చున్నీ కింద రెండు చేతులనూ ఒకదాంతో ఒకటి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. చివరికి ఆమె గాలి కొట్టడం మొదలుపెట్టింది. టైరు బిగిసింది.

"సాకు," అన్నాను.

శైలజ మొహం ఎర్రబడింది. "నేనేం సాకు చెప్పిన మేడం?"