సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు, పెట్టెతో సహా

ఆడపిల్లను పై చదువుకు పట్నం పంపాలంటే ముందు చుట్టాల గడపలన్నీ ఎక్కి దిగాల్సిన తల్లిని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే కాదని నాకు తెలుసు. అలాంటివాళ్ళకు పనికొస్తుందని మా ప్రయాణం సంగతి రాస్తున్నాను. నేను సూర్యాపేటలో చిన్నపిల్లల బడిలో పంతులమ్మను. మా సుశీలకు పదహారేళ్ళు. ఈ ఎండాకాలం మెట్రిక్ పాసైంది. హైదరాబాదు ఆడపిల్లల కాలేజీలో సైన్సుకు చోటు దొరికింది. అక్కడ రెండేళ్ళు బాగా చదివితే డాక్టరు చదువుకు పోవచ్చు. ఈ డాక్టరు పిచ్చి దానికి మా ఊరి దవాఖానలో పట్టింది. అక్కడి డాక్టరుకు ఉర్దూ తప్ప రాదు, వచ్చే ఆడవాళ్ళకు తెలుగు తప్ప రాదు. బడిలో ఉర్దూలో చదువుకున్న సుశీల సెలవు రోజుల్లో పోయి తెర పక్కన నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేది. కొందరు దాని ముందు కూడా నోరు విప్పక, రోగం కడుపులోనే పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఒకనాడు ఇంటికొచ్చి సంచి మూలకు విసిరేసి, "నడుమ నేనెందుకమ్మా? నేనే డాక్టరమ్మనైతే అయిపాయె గద!" అన్నది.

అయిపాయె అన్నంత సులువా? మార్కులు వచ్చాయి, చోటు వచ్చింది, అడ్డం మాత్రం నా సొంత తమ్ముడు. సుశీలను తొట్టెలో వేసిన నాడే మా అమ్మ పిల్లను తీసి, అప్పుడు పదేళ్ళవాడైన మా యాదగిరి ఒళ్ళో పెట్టి, "ఇది నీ పెండ్లామురా" అన్నది. మా వైపు మేనమామకు ఇచ్చిన మాట అంటే మాటే. అతను వదిలితే తప్ప పిల్లను ఎటూ కదిలించకూడదు. యాదగిరి మిర్యాలగూడలో ఆముదాల వ్యాపారం చేసుకుంటూ, ఇరవై ఆరేళ్ళు వచ్చినా ఇంకో సంబంధం చూడకుండా ఉన్నాడు. మా ఆయన మంచివాడే గానీ, మా పుట్టింటివాళ్ళ ముందు ఆయనకు నోరు పెగలదు. "నువ్వు పొయ్యి మాట్లాడు, బర్రెను నేను సూసుకుంట" అన్నాడు. సరే, బర్రె ఆయన వంతు, తమ్ముడు నా వంతు.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు అడ్డదారి ఉంది. కానీ మాట ఇచ్చింది అమ్మ, ఆమె ఉండేది కోదాడలో మా పెద్దన్న ఇంట్లో. అందుకని ముందు కోదాడ, అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ, ఆ తర్వాత నల్లగొండలో బస్సు మారి హైదరాబాదు అని దారి వేసుకున్నాను. "ముందు అడిగి రారాదమ్మా, పెట్టె తర్వాత సదురుకోవచ్చు" అని వాడకట్టంతా చెప్పింది. నేను వినలేదు. సుశీల రేకు పెట్టె నిండా సర్ది, తాళం వేసి, వెంట తీసుకునే బయలుదేరాం.

కోదాడ బస్సు పొద్దున ఏడింటికి. మనిషికి పద్నాలుగు అణాలు, పెట్టెకు రెండణాలు, అన్నీ నిజాం హాలీ సిక్కా లెక్క. బస్సుపైన చోటు లేక పెట్టెను మా కాళ్ళ దగ్గరే పెట్టించారు. పోలీసు చర్య జరిగి ఏడాది కాలేదు, దారిలో సిపాయిల తనిఖీలు తప్పవు. మునగాల ఇవతల బస్సు ఆపి మా పెట్టె తెరవమన్నారు. తాళంచెవి నా సంచి అడుగున ఎక్కడో ఉంది. అది దొరికేదాకా బస్సు బస్సంతా మా వంకే చూసింది. పెట్టె తెరవగానే, పైన మడిచిపెట్టిన లంగాల మీద మేక పుర్రె, దాని పక్కన దారంతో కట్టిన కాళ్ళ ఎముకలు బయటపడ్డాయి! సుశీల వాటిని సున్నపు నీళ్ళలో కడిగి, ఎండబెట్టి, ఏది ఎక్కడ అతుకుతుందో చూసుకుంటూ ఉండేది. వాటిని తెస్తున్నట్టు నాకే చెప్పలేదు దొంగముండ.

"ఓయమ్మో! బాణామతిరో!" అని ముందు సీటు ఆడమనిషి పిల్లను చంకనేసుకుని లేచింది. సుశీల ఉర్దూలో సిపాయికేదో చెప్పింది. అతను నవ్వి, "డాక్టర్ సాహెబా" అని సలాం కొట్టి దిగిపోయాడు. సిపాయి వదిలినా జనం వదలలేదు. "దించుండ్రి వీళ్ళను! చేతబడి చేసేటోళ్ళతోని ఎవలు పోతరు?" అన్నాడొకాయన. నాకు ఒళ్ళు మండింది. "మేక బొక్కలయ్యా! దసరనాడు మీరు తిని పారేసినయే! అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?" అన్నాను. సుశీల మాత్రం నిమ్మళంగా రెండెముకలు చేతికి తీసుకుని పక్క సీటు ముసలాయనతో, "తాతా, ఇది మేక మోకాలు. సూడు, గిట్ల మడుస్తది. నీది గూడ గిట్లనే" అని ఆడించి చూపింది. ఆయన కాసేపు చూసి, మెల్లగా పంచె పైకి లాగి, "మరి నాది మడువదేంది బిడ్డా?" అని మోకాలు ముందుకు పెట్టాడు. ఇంకేముంది! కోదాడ చేరేలోపు ఒక మోచేయి, రెండు నడుములు దాని ముందుకు వచ్చాయి. బాణామతి అని లేచిన ఆడమనిషి తన పిల్ల చెవి చూపించింది. దిగేటప్పుడు డ్రైవరు, "డాక్టరమ్మా, నా మెడ గూడ జర సూసి దిగరాదు" అన్నాడు. దానికి ఇంకా కాలేజీ గేటు కూడా తెలియదు, అయినా నాకు గర్వంగానే ఉంది.

కోదాడలో బస్సు దిగినచోటే ఒక హోటలు ఉంది. నడిపేవాళ్ళు బెజవాడ వైపువాళ్ళు. ఇక్కడ మన హాలీ, ఇంగ్లీషువాళ్ళ కల్దారు రెండు రూపాయలూ చెల్లుతాయి కాబట్టి ఏ లెక్కో ముందే అడిగి తినాలి. హోటలాయన, "ఎందాకా అమ్మగారూ ప్రయాణం?" అన్నాడు. చెప్పాను. "డాక్టరు చదువుకా! అయితే ఇంకో ఇడ్లీ తినమ్మా, చాలా దూరం వెళ్ళాలి" అని సుశీల ఆకులో వేసి, దానికి డబ్బులు తీసుకోలేదు.

అమ్మ దగ్గర అంత సులువు కాలేదు. పెట్టె చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది. "నా నోటితోని ఇచ్చిన మాట నా నోటితోని ఎట్ల తీసుకుంటనే? వాడు ఇన్నేండ్లు ఆగిండు. ఊళ్ళె పోరగాండ్లు ఎక్కిరిస్తున్నా ఆగిండు. తెల్సా నీకు?"

"తెల్సమ్మా. తెల్సే వచ్చిన."

"వాడు కాదంటే?"

"కాదన్నా బస్సెక్కిస్తా. కానీ వానితోని ఊ అనిపించుకునే ఎక్కియ్యాలని ఉన్నది."

అమ్మ చాలాసేపు సుశీల జడ సవరిస్తూ కూర్చుంది. మాట వెనక్కి తీసుకోలేదు, తీసుకోననీ అనలేదు. అన్నం పెట్టి, మేము లేచేటప్పుడు కొత్త ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి నా చేతికిచ్చింది. "ఇది వానికియ్యి. కడుపునిండ తిన్నంక అడుగు. ఆకలి మీదున్న మగోణ్ణి ఏదీ అడగద్దు" అన్నది. అంతకుమించి ఆమె నుంచి ఆశించడం నాకూ న్యాయమనిపించలేదు.

కోదాడ నుంచి మిర్యాలగూడకు గూడుబండి మాట్లాడుకున్నాం. రెండు రోజుల బాట, ఐదు రూపాయల కిరాయి. బండాయన పేరు బుచ్చయ్య. పొద్దు గూకాక రోడ్డు మీద బండ్లు తిరగనివ్వడం లేదు కాబట్టి చీకటి పడకముందే హుజూర్‌నగర్ చేరి, నాతో పనిచేసిన పంతులమ్మ ఇంట్లో పడుకున్నాం. మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ బండి కట్టాడు. మృగశిర ఇంకా రాలేదు, మధ్యాహ్నానికి గాలి సెగలు కక్కుతోంది. వెళ్ళేవాళ్ళు కుండలో నీళ్ళు పెట్టుకోండి, దారిలో చాలా బావులు అడుగంటాయి. బుచ్చయ్యకు మా కథంతా కావాలి. విన్న తర్వాత ఎద్దులను అదిలిస్తూ, "నేనైతే ఇడిసిపెట్టను తల్లీ. అంత మంచిపిల్లను ఎవడిడుస్తడు?" అన్నాడు. సుశీల ముఖం అటు తిప్పుకుంది. నాకు ఆ మాట మిర్యాలగూడ దాకా గుచ్చుకుంటూనే ఉంది.

సాయంత్రానికి చేరాం. యాదగిరి మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చాడు. "గిదేందక్కా, చెప్పకుండ వస్తివి! కాళ్ళు కడుక్కోండ్రి" అని చెంబు తెచ్చాడు. ఇంటి పక్కన కొత్తగా కట్టిన అర్ర కనబడింది. గోడలకు సున్నం వేసి, తూర్పుకు పెద్ద కిటికీ పెట్టించాడు. "ఈ అర్ర ఎవలికిరా?" అన్నాను, అడగకుండా ఉండాల్సింది. "ఎవలికేందక్కా. పుస్తకాలు సదువుతదంటివి గద, ఎలుతురుండాలెనని" అన్నాడు, సుశీల వైపు చూడకుండా. చెడ్డవాడైతే పోట్లాడి గెలవచ్చు. ఇలాంటివాణ్ణి ఏం చేస్తాం?

జొన్నరొట్టెలు కాల్చి, అమ్మ ఆవకాయ వేసి పెట్టాను. నాలుగో రొట్టె అయ్యాక, ఇక లాభం లేదని నేరుగా చెప్పేశాను. వాడు నమలడం ఆపేశాడు.

"ఎన్నేండ్లక్కా?"

"కాలేజీ రెండు, డాక్టరు సదువు ఐదు."

"ఏడేండ్లు." చేతిలో రొట్టె ముక్క పక్కన పెట్టి, "నేనాగుతనక్కా. ఇన్నేండ్లు ఆగలేదా?" అన్నాడు.

అంతకన్నా మంచి మాట ఏ మగవాడంటాడు? సరే అంటే అమ్మ మాట నిలిచేది, పిల్ల చదువూ నిలిచేది. నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు సుశీల మాట్లాడింది. "నేను నడుమ తప్పితే మామా? సీటు రాకపోతే? నువ్వాగినందుకు నీకేం జవాబు చెప్పాలె నేను?" ఈసారి నేరుగా మామ కళ్ళలోకే చూసింది. "ఆ భయంతోని నేను సదువలేను."

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. "తమ్మీ, నువ్వు ఆగితే అది ఉరకలేదురా. ఎనుకకు సూసుకుంటనే నడుస్తది. నీకు రెండు హక్కులున్నయి. మెడల పుస్తె కట్టేది ఒకటి. పెండ్లినాడు పిల్లను గంపల కూసోబెట్టి ఎత్తుకొచ్చే మేనమామ హక్కు ఇంకోటి. రెండూ ఒక్కనికి రావు. మొదటిది ఇడిసిపెట్టు. రెండోది నీ దగ్గర ఎవడూ గుంజుకోలేడు" అన్నాను.

వాడు చేయి కడుక్కుని, బయట కట్టేసిన తన బండెద్దుల దగ్గరికి వెళ్ళిపోయాడు. నాకు నిద్ర పట్టలేదు. ఊ అన్నా అనకపోయినా పొద్దున బస్సెక్కేది ఖాయమే. కానీ తమ్ముణ్ణి పోగొట్టుకుని ఎక్కుతానేమోనని ఏడ్చాను.

నల్లగొండ బస్సు ఆరున్నరకు. తయారై బయటికి వస్తే యాదగిరి గడప దగ్గర తుండుగుడ్డ చుట్టకుదురులా చేసి నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అక్కా, జర పెట్టె ఎత్తియ్యి" అన్నాడు. మేమిద్దరం చెరోవైపు పట్టి ఎత్తాం. "ఏమున్నయే దీంట్ల, రాళ్ళా?" అన్నాడు. "బొక్కలు మామా" అన్నది సుశీల. వాడు నవ్వబోయి నవ్వలేకపోయాడు.

బస్సు ఆగేచోటికి బజారంతా దాటి పోవాలి. అందరికీ వాడు తెలుసు, వాడికి ఏ పిల్లను అనుకున్నారో కూడా తెలుసు. కిరాణా కొట్టాయన అరుగు మీద నుంచే, "ఏం యాదగిరీ, పిల్ల రానే వచ్చింది, లగ్గమెప్పుడు?" అని కేకేశాడు. యాదగిరి ఆగాడు. పెట్టె కింద మెడ తిప్పరాదు కాబట్టి మనిషే మొత్తం తిరిగి, "లగ్గం గాదు సేటూ. పిల్ల డాక్టరు సదువుకు పోతున్నది. సాగదోల్తున్న. మేనమామను గాదు?" అన్నాడు, బజారంతా వినేటట్టు. తర్వాత బస్సు నిచ్చెన ఎక్కి, పెట్టెను పైన పెట్టి, తాడుతో తానే కట్టాడు. కిందికి దిగి సుశీల కూర్చున్న కిటికీ దగ్గరికి వచ్చాడు. ఇన్నేళ్ళలో దాన్ని "పిల్లా" అనే పిలిచాడు తప్ప ఇంకోలా పిలవలేదు. చువ్వల మీద చేయి వేసి, "పైలం బిడ్డా" అన్నాడు. బస్సు కదిలింది.

సుశీల ఇప్పుడు హాస్టలులో ఉంది. రెండేళ్ళ తర్వాత డాక్టరు సీటు వస్తుందో రాదో నాకు తెలియదు, రాకపోతే మళ్ళీ ప్రయత్నిస్తాం. అమ్మ నాతో మాట్లాడుతోంది గానీ ముక్తసరిగా. కిటికీ అర్రలో ఆముదాల బస్తాలు వేశానని తమ్ముడు కబురు చేశాడు. ఇలాంటి దారిలో అందరూ సంతోషంగా మిగలరు. అయినా ఎవరినీ మోసం చేయకుండా, ఎవరి ఎదుటా తల దించకుండా పిల్లను బస్సెక్కించాను, అది చాలు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. పెట్టె ఇంట్లో పెట్టి అడగడానికి పోకండి. తాళంచెవి కొంగుకు కట్టుకుని పెట్టెతో సహా వెళ్ళండి. అప్పుడు మీరు వచ్చింది పోవచ్చునా అని అడగడానికి కాదు, పోయొస్తామని చెప్పడానికని ఎదుటివాళ్ళకు గడపలోనే తెలుస్తుంది.