అడుగంటిన డబ్బాలు

మా ఆవిడ ఇంగ్లీషు నేర్చుకున్నది పేపర్లోని ఫుట్‌బాల్ పేజీలో. ఒకసారి తెలుగువాళ్ళ ఇంట్లో భోజనాల దగ్గర ఎవరో "మీ అత్తగారికి ఎలా ఉంది?" అని అడిగితే, "మోకాలండీ. ఆదివారానికి డౌట్‌ఫుల్" అంది. దెబ్బతగిలిన ఆటగాళ్ళ గురించి పేపర్లో అలాగే రాస్తారు మరి. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేనే. ఆ నవ్వు గురించి ఇప్పుడు నాకు గర్వమేమీ లేదు.

డెబ్బయ్యో దశకం చివర్లో మేము అమెరికాలో ఒక పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నేను రంగులు తయారుచేసే కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టుని. పక్క అపార్ట్‌మెంట్‌లో ఒక అమెరికన్ ముసలావిడ ఒక్కతే ఉండేది. ఆవిడా, ఆవిడ భర్తా ముప్ఫై ఏళ్ళు మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆటలన్నీ స్టేడియంలో పక్కపక్కన కూర్చుని చూశారట. ఆయన పోయాక ఆవిడ మళ్ళీ అటు వెళ్ళలేదు. చూపు మందగించింది. పేపరు చదివిపెట్టమని మా ఆవిడని పిలిచేది. మిగతా పేజీలు అక్కర్లేదు, ఫుట్‌బాల్ పేజీ మాత్రం ఒక్క అక్షరం పోకూడదు. పలకడంలో తప్పు వస్తే దిద్దేది. అక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు, బంతి చేత్తో పట్టుకుని ఒకర్నొకరు తోసుకుంటూ పరుగెత్తే ఆట. అర్థం కాకపోతే బల్లమీద ఉప్పు సీసా, మిరియాల సీసా, కాఫీ కప్పులూ పేర్చి ఎవరు ఎవర్ని అడ్డుకుంటారో చూపించేది. మా ఆవిడ ఆమెను మామ్మగారు అని పిలిచేది. ఆ పిలుపు ఆవిడకి ఎంత నచ్చిందంటే, మేము ఫోన్ చేస్తే "మామ్మగారు స్పీకింగ్" అనేది.

మా ఆఫీసులో ఏటా ఒక పందెం ఉండేది. కాలేజీల్లో ఆడి బయటికి వచ్చే కుర్రాళ్ళని ఏప్రిల్ నెలాఖరున జట్లు ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు బాగా ఓడిపోయిన జట్టుది మొదటి వంతు. ఈ ఎంపికనే డ్రాఫ్ట్ అంటారు. నేను మొదటిసారి ఆ మాట ఇంట్లో అంటే మా ఆవిడ బ్యాంకు డ్రాఫ్ట్ అనుకుని "ఎవరికి పంపాలండీ?" అంది. మా ఊరి జట్టు మొదటి మూడు వంతుల్లో ఎవరిని తీసుకుంటుందో ముందే రాసి గోడౌన్ ఫోర్‌మన్‌కి ఇవ్వాలి. ఎక్కువ సరిపోయినవాళ్ళకి ఆ ఏడు మొదటి ఆటకి రెండు టికెట్లు కంపెనీ ఇస్తుంది.

నేను దీన్ని సైన్సులా పట్టుకున్నాను. కుర్రాళ్ళ ఎత్తు, బరువు, పరుగు వేగం అన్నీ గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టాను. రెండేళ్ళు ఒక్కటీ తగల్లేదు.

మూడో ఏడు వంటింట్లో కేలెండరు కాగితం వెనకవైపు ఒక బొమ్మ కనిపించింది. రెండు వరసల్లో ఇరవై రెండు డబ్బాలు. ఒక్కో డబ్బాలో పెన్సిలుతో కొంత మేర నలుపు.

"ఇదేమిటి, సరుకుల చీటీయా?"

"మన జట్టండీ. బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఆడేవాళ్ళు పదకొండు మంది, అవతలివాళ్ళని ఆపేవాళ్ళు పదకొండు మంది. ఏ డబ్బా ఎంత నిండుగా ఉందో వేశాను. ఇదిగో, ఎడమవైపు చివర నిలబడే ట్యాకిల్. రెండుసార్లు మోకాలు కోయించుకున్నాడు. అడుగంటింది. ఇది వచ్చే నెలకి అయిపోతుంది. ఇది నిండుగా ఉంది, అక్కర్లేదు."

అప్పట్లో ఇండియన్ షాపు మాకు నాలుగు గంటల దూరం. రెండు నెలలకోసారి వెళ్ళేవాళ్ళం. వెళ్ళేముందు రోజు మా ఆవిడ అన్ని డబ్బాల మూతలూ తీసి, ఊపి చూసి, చీటీ రాసేది. జట్టునీ ఆమె అలాగే చూసింది.

"మీరు షాపులో ఏది తళతళలాడుతోందో చూస్తున్నారు. ఇంట్లో ఏది నిండుకుందో చూడరేం?" అంది.

నేను నవ్వాను. నవ్వి, ఆ కాగితం చూసే నా చీటీ రాసుకున్నాను. మొదట ట్యాకిల్, తర్వాత వరస మధ్యలో నిలబడి బంతి అందించే సెంటర్, మూడోవాడు ముందు వరస వెనక కాపుకాసే లైన్‌బ్యాకర్. కుర్రాళ్ళ పేర్లతో సహా ఆమెనే అడిగాను, మాటల్లో మాటగా అడిగినట్టు. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది. మూడింటిలో మూడూ సరిపోయాయి.

క్యాంటీన్‌లో అందరూ నా చుట్టూ మూగారు. ఫోర్‌మన్ నా వీపు మీద చరిచి "ఎలా కనిపెట్టావయ్యా?" అన్నాడు. భారీ మనిషి, చెయ్యి కూడా భారీయే. "ఒక పద్ధతి ఉంది. లోపాలని శాస్త్రీయంగా విశ్లేషించడం" అన్నాను. ఆ రోజు నుంచీ నన్ను ప్రొఫెసర్ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాకు చాలా బాగుండేది. ఇంటికి వెళ్ళి "గెలిచాను" అని చెప్పాను. "గెలిచాం" అనలేదు. నేను చీటీ ఆమె మాటల్లోంచే రాశానన్న సంగతి అసలు చెప్పలేదు.

జులైలో కంపెనీ పిక్నిక్. అరవై మంది దాకా ఉన్నారు. ఫోర్‌మన్ మొక్కజొన్న పొత్తు నములుతూ మా ఆవిడ దగ్గరికి వచ్చి, "మేడమ్, మీ ఆయన జీనియస్. రెండో వంతులో సెంటర్‌ని తీసుకుంటారని ఈ ఊళ్ళో ఇంకెవరూ చెప్పలేదు" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. "ఈజ్ దట్ సో?" అంది, నవ్వుతూనే.

ఇంటికి వస్తుంటే కారులో అడిగింది: "ఆ శాస్త్రీయ పద్ధతేదో నాకూ కాస్త చెప్పండి. నేర్చుకుంటాను."

"అది కాదోయ్, ఏదో సరదాకి..."

"సరేలెండి. నాకు ఆ టికెట్లు చాలు. స్టేడియం లోపల ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి. మామ్మగారు చెబుతుంటే వినడమే కానీ."

ఆమె నన్ను అడిగింది అదొక్కటే. సెప్టెంబరు వచ్చింది. నా గ్రీన్‌కార్డు కాగితాలు మా మేనేజర్ బల్లమీద ఉన్నాయి. రెండో టికెట్ ఆయనకి ఇచ్చాను. ఆయన అడగలేదు. నేనే వెళ్ళి ఇచ్చాను. ఇంట్లో మాత్రం, "సరస్సు గాలి, చలిగా ఉంటుంది, నువ్వు తట్టుకోలేవు" అన్నాను.

"సెప్టెంబరులో చలేమిటండీ?" అంది. ఆ రోజు ఆట నాకేమీ గుర్తు లేదు. మేనేజర్‌కి రెండోసారి కాఫీ తెచ్చిపెట్టడం ఒక్కటే గుర్తుంది.

మళ్ళీ ఏప్రిల్ దగ్గరపడింది. వంటింట్లో కేలెండరు కాగితం కనిపించలేదు.

"ఈసారి డబ్బాల బొమ్మ వెయ్యలేదా?"

"వేశాను. మామ్మగారింట్లో ఉంది. మీకు పద్ధతి తెలుసుగా, మీరూ వేసుకోండి."

నా చీటీ నేనే రాసుకున్నాను. దేశమంతా చెప్పుకుంటున్న, బంతి పట్టుకుని పరుగెత్తే ఒక వీరుణ్ణి మొదట పెట్టాను. మా జట్టుకి అప్పటికే అలాంటివాళ్ళు ముగ్గురున్నారు. నిండుగా ఉన్న పప్పు డబ్బామీద ఇంకో బస్తా పప్పు కొన్నట్టు. మూడింటిలో ఒక్కటీ తగల్లేదు. క్యాంటీన్‌లో ఫోర్‌మన్ రేడియో కట్టేసి, "ప్రొఫెసర్, ఏమైంది మీ సైన్సుకి?" అన్నాడు.

అబద్ధాలు రెండు మూడు నోటిదాకా వచ్చాయి. జ్వరం, పని ఒత్తిడి. ఎందుకో ఆ క్షణంలో ఆ సెప్టెంబరు చలి గుర్తొచ్చింది.

"నిరుడు రాసింది నేను కాదు. మా ఆవిడ చెప్పింది రాశాను. నాకేమీ తెలీదు."

ఫోర్‌మన్ సీరియస్‌గా అడిగాడు: "అయితే ఏడాది నుంచీ మేము నీతో ఎందుకు మాట్లాడుతున్నట్టు?"

క్యాంటీన్ గొల్లుమంది. నేను కూడా నవ్వాను. ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే ఏడాది కిందటే చెప్పేసేవాణ్ణి అనుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా చెప్పి, మెచ్చుకుంటుందేమోనని నిలబడ్డాను.

ఆమె కుక్కర్ మూత పెడుతూ అడిగింది: "క్యాంటీన్‌లో ఎంతమంది ఉన్నారు?"

"పదిహేను మంది ఉంటారు."

"పిక్నిక్‌లో అరవై మంది ఉన్నారు."

అందుకని జులైలో, గడ్డిమీద వేసిన బల్ల ఎక్కి, చేతిలో పేపరు ప్లేటుతో, అరవై మంది ముందు అదే మాట మళ్ళీ చెప్పాను. టికెట్ సంగతి కూడా చెప్పాను, చలి సంగతితో సహా. మేనేజర్ భార్య ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆయన పాపం తెల్లబోయి, "నాకు తెలీదు, నిజంగా తెలీదు" అన్నాడు. ఫోర్‌మన్ వెంటనే మా ఆవిడ పేరు పందెం జాబితాలో రాసుకుని, నా పేరు కొట్టేశాడు. ఆ సాయంత్రమే నేను కౌంటర్లో రెండు టికెట్లు కొంటానంటే ఆమె వద్దంది.

"కొనుక్కుని వెళ్ళేటట్టయితే ఎప్పుడో వెళ్ళేదాన్ని. గెలిచే వెళతాను."

ఆ తర్వాతి ఏప్రిల్‌లో నేను ఆమెకి గుమస్తాని. లైబ్రరీ నుంచి వేరే ఊళ్ళ పేపర్లు తెచ్చేవాణ్ణి. ఆమె, మామ్మగారు బల్లకి చెరోవైపు కూర్చుని, కాగితం మధ్యలో పెట్టుకుని వాదించుకునేవాళ్ళు. ఆ ఏడు మా జట్టుకి నిండుకున్న డబ్బా లైన్‌బ్యాకర్. అది ఊరందరికీ తెలుసు. ఒక గొప్ప కుర్రాడు కూడా ఉన్నాడు. ఆఫీసులో అందరూ అతని పేరే రాశారు. మామ్మగారు కూడా అతనే అంది.

మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మన వంతు పందొమ్మిదోది. అప్పటిదాకా వాడు మిగలడు మామ్మగారూ. మేము షాపుకి ఆలస్యంగా వెళితే చింతపండు ఉండదు. ముందు వెళ్ళినవాళ్ళు ఊడ్చుకుపోతారు."

"అప్పుడేం చేస్తావు హనీ?" అంది ముసలావిడ.

"నిమ్మకాయలు కొంటాను. పులుపే కదా కావాలి."

అని, చిన్న కాలేజీలో వేరే స్థానంలో, ముందు వరస చివర, ఆడే ఒక డిఫెన్సివ్ ఎండ్ పేరు మొదట రాసింది. లావుపాటివాడే కానీ కాళ్ళు చురుకైనవి, వాణ్ణి రెండడుగులు వెనక్కి నిలబెడితే లైన్‌బ్యాకర్ అవుతాడంది. చీటీ కింద తన పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసింది.

డ్రాఫ్ట్ జరిగే మంగళవారం మామ్మగారిని కూడా వెంటబెట్టుకుని క్యాంటీన్‌కి తీసుకువెళ్ళాను. రేడియో చుట్టూ కుర్చీలు. తొమ్మిదో వంతులో ఆ గొప్ప కుర్రాణ్ణి వేరే జట్టు ఎగరేసుకుపోయింది. చుట్టూ మూలుగులు. మా ఆవిడ మామ్మగారి చెవిలో "చింతపండు అయిపోయింది" అంది. మా వంతు వచ్చింది. రేడియోలో పేరు వినపడగానే ఎవరికీ అర్థం కాలేదు, "వాడెవడు?" అన్నారు. ఫోర్‌మన్ చీటీలన్నీ తిరగేసి, ఒకటి దగ్గర ఆగి, పైకి చదివాడు. తర్వాత ఆ భారీ మనిషి వంగి మా ఆవిడకి నమస్కారం పెట్టాడు, ఎక్కడ నేర్చుకున్నాడో. ముసలావిడ కర్రతో నేలమీద టకటకా కొట్టింది. మా ఆవిడ ముఖంలో ఆ రోజు కనిపించిన వెలుగు, పెళ్ళయిన ఏడేళ్ళలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. అప్పటిదాకా నావల్ల అలాంటిది ఏదీ జరగలేదు కనుక, చూడటానికి వీలు లేకపోయింది.

మిగతా రెండు వంతులు అయ్యాక కూడా ఆమె చీటీని ఎవరూ దాటలేదు. సెప్టెంబరులో టికెట్లు చేతికొచ్చాయి. నేను ఇస్త్రీ చొక్కా తీసిపెట్టుకున్నాను.

"మీరు కారు డ్రైవ్ చేస్తారు కదూ?" అంది.

"ఎందుకు చెయ్యను?"

"పార్కింగ్‌లో మూడు గంటలు కూర్చోవాలేమో. రెండో టికెట్ మామ్మగారికిచ్చాను." తర్వాత స్వెటర్ ఒకటి నా చేతిలో పెట్టింది. "సరస్సు గాలి. చలిగా ఉంటుంది."

ఇద్దరినీ గేటు దగ్గర దింపాను. మామ్మగారు తన భర్త పాత టోపీ పెట్టుకుంది. మా ఆవిడ ఆమె మోచెయ్యి పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఏదో చెబుతూ లోపలికి తీసుకెళ్ళింది. ముసలావిడ కళ్ళు ఆ రోజు ఆమే. నేను కారులో కూర్చుని రేడియో పెట్టి, డబ్బా మూత తీశాను. నిమ్మకాయ పులిహోర.

ఆట మూడో భాగంలో ఆ లావుపాటి కుర్రాడు అవతలి జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టాడు. ముందు రేడియోలో అరుపులు వినిపించాయి. ఒక్క క్షణం తర్వాత అవే అరుపులు స్టేడియం గోడ దాటి, ఆకాశంలోంచి కారు కిటికీ మీద పడ్డాయి. అన్ని వేల గొంతుల్లో ఆమె గొంతు ఎక్కడో ఉంది. నేను పార్కింగ్‌లో ఒక్కణ్ణే, చేతికి పసుపు అంటుకుని ఉండగానే, కారు దిగి నిలబడి చప్పట్లు కొట్టాను.

ఇద్దరూ గొంతులు బొంగురుపోయి తిరిగొచ్చారు. "నీ భార్య ఒక్క బంతి కూడా వదలకుండా చెప్పింది. నా మొగుడు ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు" అంది మామ్మగారు వెనక సీట్లో సర్దుకుంటూ.

మా ఆవిడ ముందు సీట్లో కూర్చుని, చేతిసంచిలో పెన్సిలు వెతికి, టికెట్ ముక్క వెనక్కి తిప్పి ఏదో గీయసాగింది.

"ఏమిటది?"

"ఎడమ గార్డు డబ్బా అడుగంటిందండీ. ఈ ఏడు గట్టెక్కదు," అంది. "రోడ్డు చూసి నడపండి."