లెక్కలోకి రాని పొయ్యి

ఎం.ఎస్.డబ్ల్యూ. పాసై ఇంటికొచ్చాక తొమ్మిది నెలలు నేను చేసిందల్లా ఫారాలు నింపడమే. వరదలొచ్చినా, కరువొచ్చినా వెళ్లి పనిచేసే సంస్థలు బోలెడు. అన్నింటికీ మనుషులు కావాలి. కాకపోతే రెండేళ్ల అనుభవం ఉన్న మనుషులు కావాలి. ఆ రెండేళ్లూ ఎక్కడ తెచ్చుకోవాలో ఏ వెబ్‌సైటులోనూ రాయరు. నాకు ఒళ్లు మండిపోయేది.

మా నాన్న ఉక్కు ప్లాంటులో, రైలు పట్టాలు చేసే రైల్ మిల్లులో పనిచేస్తారు. ఆయన లెక్కలో ఉద్యోగం అంటే గేటుండాలి, గేట్ పాసుండాలి, షిఫ్టుండాలి. నా గోల ఆయనకి అర్థం కాలేదు. "బియ్యం మూటలు మొయ్యడానికి అంత సదువెందుకే?" అని ఒకసారి అడిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగారు.

నాదేదో వెన్నలాంటి మనసని ఎవరూ అనుకోవద్దు. చదువు చివరి ఏడు మమ్మల్ని ఒక వరద శిబిరానికి పంపారు. అక్కడ ఏడ్చేవాళ్లున్నారు, ఓదార్చేవాళ్లున్నారు. జాబితా పట్టుకుని తిరిగే ఆవిడ మాత్రం ఒక్కతే. ఆవిడ ఉన్న పూట అందరికీ అన్నం అందేది, లేని పూట తోపులాట. నాకు ఆవిడ పని నచ్చింది. అంతకుమించి పెద్ద కారణమేమీ లేదు.

చివరికి దారి చూపించింది మా మేనత్త.

ఖుర్సీపార్‌లో మాది ప్లాంటు క్వార్టరు. ముందు రెండు గదులు, వెనక పెరట్లో రేకుల షెడ్డు. ఆ షెడ్డులో మా అత్త ఉంటుంది. నాన్నకి చెల్లెలు. మామయ్య పోయాక విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చేసింది. అప్పుడు నాకు నాలుగేళ్లు. వచ్చిన మూడో రోజునే వేరే పొయ్యి పెట్టుకుంది. అన్నావదినల మీద పడి తింటోందని ఎవరూ అనకూడదట. అప్పడాలు, పచ్చళ్లు చేసి చరోదా రైల్వే కాలనీలో ఇల్లిల్లూ తిరిగి అమ్ముకుని, తన తిండి తను తింటుంది.

క్వార్టరు వెనక షెడ్డు వేయకూడదు, వేసినా అందులో మనిషిని పెట్టకూడదు. అందుకని ఎవరు రిజిస్టరు పట్టుకుని వచ్చినా మా ఇంట్లో ఒకటే మాట: ఆవిడ చుట్టపుచూపుగా వచ్చింది. చిన్నప్పుడు నాకు ఎక్కాల కంటే ముందు నేర్పింది ఈ మాటే. గుమ్మం ఒకటి, కుటుంబం ఒకటి. మా లైన్లో సగం ఇళ్లలో ఇలాంటి చుట్టం ఒకరుంటారు. మా అత్త చుట్టపుచూపు మొదలై పంతొమ్మిదేళ్లయింది.

చరోదాలో అత్త దగ్గర అప్పడాలు కొనే ఒక దీదీ, నలుగురైదుగురిని వెంటేసుకుని దుర్గ్‌లో చిన్న సహాయ సంస్థ నడుపుతోంది. మా మేనకోడలు ఖాళీగా ఉంది, ఒళ్లు దాచుకునే పిల్ల కాదు అని అత్త ఆవిడతో చెప్పిందట. అనుభవం సంగతి ఎవరూ అడగలేదు. మర్నాడే వెళ్లాను. నెలరోజులు టార్పాలిన్లు మడతపెట్టి తాళ్లు కట్టాను, బకెట్లు లెక్కపెట్టాను.

ఆ వానాకాలం శివనాథ్ నది పొంగి ఒడ్డున ఉన్న పల్లెలోకి నీళ్లొచ్చాయి. జాబితా నువ్వే రాయి, పని సరిగ్గా ఉంటే వచ్చే నెల నుంచి నువ్వు మాలో మనిషివి అంది దీదీ. నేను సంబరపడిపోయాను. సుద్దముక్క తీసుకుని, మా సెక్టార్లలో క్వార్టర్లకి ఉన్నట్టే ప్రతి తలుపు మీదా నంబరు వేశాను. నంబరు, ఇంటి పెద్ద పేరు, ఇంట్లో ఎంతమంది. ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. దాన్ని ఫొటో తీసి నాన్నకి వాట్సాప్‌లో కూడా పంపాను.

పంపకం రోజు అంతా సాఫీగా జరిగింది. అందరూ వెళ్లాక ఒకామె మిగిలింది. పక్కన ఇద్దరు ఆడపిల్లలు. ఇంటికొకటి చొప్పున నేనిచ్చిన చీటీ ఆమె చేతిలో లేదు. తలుపు నంబరు అడిగి చూస్తే, పొద్దున్నే వాళ్ల బావగారు సరుకు తీసుకెళ్లిపోయాడు. ఇంటి మనుషుల లెక్కలో ఈమె, పిల్లలు కూడా ఉన్నారు. అదే చెప్పాను.

"మోర్ చూల్హా అలగ్ హే, నోనీ," అంది. నా పొయ్యి వేరమ్మా, అని.

పొయ్యి వేరైతే ఏంటి, గుమ్మం ఒకటే కదా అన్నాను. ఇంట్లో అడిగి పంచుకోమన్నాను. ఆమె వాదించలేదు. తన వైపు కప్పు కూలిపోయిందని మాత్రం చెప్పి, పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. వాన మళ్లీ అందుకుంది. అదనంగా తెచ్చిన టార్పాలిన్లు రెండు వ్యానులో ఉన్నాయి. జాబితాలో లేనివాళ్లకి ఇవ్వకూడదని నేనే వాటిని వెనక్కి తెచ్చేశాను.

సాయంత్రం పెరట్లో అత్త పప్పు ఎనుపుతోంది. పక్కన పీటేసుకుని కూర్చుని నా ఘనతంతా చెప్పుకున్నాను. ఆమె సంగతి కూడా చెప్పాను, అదేదో తగువు తీర్చినట్టు. ఒకే ఇంటికి రెండు వాటాలు కావాలట చూడు, అన్నాను.

అత్త చెయ్యి ఆగింది.

"దానికి పొయ్యి వేరా?"

"ఆ."

"మరి నాదేటే?"

నాకు చచ్చేంత సిగ్గేసింది. పంతొమ్మిదేళ్లు ఆ పొయ్యి పక్కన కూర్చుని, అందులో కాల్చిన అప్పడాలు తిని పెరిగినదాన్ని. అత్త పప్పు దింపి గిన్నె మీద మూత పెట్టింది. బయట వాన తగ్గలేదు, నా కళ్ల ముందు ఆ ఇద్దరు పిల్లలే ఉన్నారు.

తెల్లారగానే చరోదా వెళ్లి దీదీ గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. జాబితా తప్పు, నేను తలుపులు లెక్కపెట్టాను, పొయ్యిలు లెక్కపెట్టలేదు అని. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. దీదీ నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. అలాంటివి ఎన్ని ఉన్నాయని అడిగింది. తెలియదన్నాను. తెలుసుకుని రా, ఆ రెండు టార్పాలిన్లూ పట్టుకెళ్లు అంది.

ఈసారి తలుపు దగ్గర ఆగలేదు. లోపలికి వెళ్లి, ఇక్కడ ఎన్ని పొయ్యిలు వెలుగుతాయి అని అడిగాను. తొమ్మిది ఎక్కువ తేలాయి. ఒక పొయ్యి కొడుకు విడిగా పెట్టిన ముసలమ్మది, ఒకటి మొగుడు వదిలేసినామెది. ఇలాంటివే అన్నీ. మొదటి టార్పాలిన్ నిన్నటి ఆమెకే ఇచ్చాను. పిల్లలతో రాత్రంతా బడి వరండాలో ఉందట, చిన్నదానికి ఒళ్లు కాలిపోతోంది. క్షమించమని అడిగాను. నిన్న తెలియనిది ఈరోజు ఎలా తెలిసిందని అడిగింది. మా ఇంటి వెనక మా అత్త ఉంది, ఆవిడ పొయ్యీ వేరే అని చెప్పాను.

మరి ఆవిడ పేరు మీ ఊళ్లో రాసుకున్నారా అని అడిగింది. ఎకసెక్కానికి కాదు, మామూలుగానే అడిగింది. నేను టార్పాలిన్ కొస పట్టుకుని తాడు ముడి వేయడంలో పడ్డాను.

మిగతా ఏడుగురికీ అందడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. నెలాఖరుకి దీదీ నన్ను పనిలోకి తీసుకుంది.

చలికాలంలో మా లైన్లోకి రేషన్ కార్డుల వాళ్లు వచ్చారు. నాన్న షిఫ్టు దిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నారు. ఈ ఇంట్లో ఎన్ని కుటుంబాలని ఆ మనిషి హిందీలో అడిగాడు. నాన్న నోరు తెరిచేలోగా నేనే చెప్పాను, రెండు పొయ్యిలని.

నాన్న నావైపు చూశారు. షెడ్డు సంగతి ప్లాంటు ఆఫీసు దాకా పోతే ఏమవుతుందో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఆ మనిషి పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. నాన్న పెరట్లోకి వెళ్లి చెల్లెల్ని పిలుచుకొచ్చారు. అత్త చేతులకి అప్పడాల పిండి ఉంది. పేరు చెప్పమంటే, అలవాటుగా అన్నగారి మొహంలోకి చూసింది.

"నన్ను సూస్తావేటి?" అన్నారు నాన్న. "నీ పేరు నువ్వే సెప్పు. రాసుకుంటన్నారు."